జీన్ ఆట్రీని ఎక్కడ మొదలుపెట్టాలి?

కౌబాయ్ అనగానే మనలో చాలామందికి కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తొస్తుంది. ఆ లెక్కలో అమెరికా గాయకుడు, కౌబాయ్ హీరో జీన్ ఆట్రీ సినిమా పెట్టుకుంటే పది నిమిషాల్లో ఆపేస్తారు, ఎందుకంటే ఈయన దొంగల్ని పట్టుకునే పని పక్కన పెట్టి మరీ గిటార్ అందుకుంటాడు. నేనూ మొదటిసారి ఆపేశాను. అందుకే ముందు పాటలు వినండి, సినిమాలు తర్వాత.

1931లో జిమ్మీ లాంగ్‌తో కలిసి పాడిన ‘దట్ సిల్వర్ హెయిర్డ్ డాడీ ఆఫ్ మైన్’తో మొదలుపెట్టండి. ఇద్దరూ రైల్వేలో పనిచేసినవాళ్ళే, ఆట్రీ అయితే ఓక్లహోమాలో టెలిగ్రాఫ్ ఆపరేటర్. ముసలి తండ్రి మీద ప్రేమతో పాడే పాట, గొంతులో ఎక్కడా హడావుడి ఉండదు. అది విన్నాక ఆ కాలంలోనే ఆయన పాడిన యోడలింగ్ పాటలు వినండి, అంటే గొంతుని మామూలు స్వరం నుంచి టక్కున సన్నటి పైస్వరానికి విరిచి పాడేవి. అవి యోడలింగ్‌కి పేరుపడ్డ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్‌కి దాదాపు కార్బన్ కాపీలు. పక్కపక్కన పెట్టి వింటే ఎక్కడ అనుకరణ ఆగిందో, ఎక్కడ సొంత గొంతు మొదలైందో మీకే పట్టుబడుతుంది.

ఇప్పుడు సినిమా. 1935లో వచ్చిన ‘ది ఫాంటమ్ ఎంపైర్’, 12 భాగాల సీరియల్. కథ వింటే నవ్వొస్తుంది: ఆట్రీ పశువుల రాంచ్ కింద, భూమి లోపల మ్యురానియా అనే రాజ్యం, అక్కడ రాణి, రోబోలు. వాళ్ళ నుంచి తప్పించుకుని మన హీరో టైముకి పైకొచ్చి రేడియోలో పాడాలి, లేకపోతే కాంట్రాక్ట్ పోయి రాంచ్ చేజారుతుంది! లాజిక్ వెతక్కండి. షికాగో రేడియోలో పేరు తెచ్చుకున్న గాయకుణ్ణి సినిమా వాళ్ళు ఎలా వాడుకున్నారో మాత్రం గమనించండి, ప్రాణం కన్నా ప్రోగ్రామ్ టైమే ముఖ్యం అక్కడ. అది నచ్చితే అదే ఏడాది వచ్చిన ‘టంబ్లింగ్ టంబుల్‌వీడ్స్’ చూడండి. ఆయన సినిమాల్లో గుర్రాల పక్కనే కార్లు, టెలిఫోన్లు కనిపిస్తే కంగారుపడకండి, చాలా కథలు సినిమా తీసిన రోజుల్లోనే జరుగుతున్నట్టు తీసినవే.

తర్వాత ఇంకో పాడే కౌబాయ్ రాయ్ రోజర్స్ తొలి హీరో సినిమా ‘అండర్ వెస్టర్న్ స్టార్స్’ (1938) ఒకటి చూడండి. కాంట్రాక్ట్ గొడవతో ఆట్రీ రిపబ్లిక్ స్టూడియోకి రానని కూర్చుంటే, ఆ ఖాళీలో రోజర్స్‌ని నిలబెట్టారు. పోలిక సరదాగా ఉంటుంది. నా ఓటైతే, గొంతు వరకు ఆట్రీకే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆట్రీ సైన్యంలో చేరి రవాణా విమానాలు నడిపాడు, భారత్-బర్మా వైపు కూడా వచ్చాడు. తిరిగొచ్చాక పాడిన వాటిలో 1949 నాటి ‘రుడాల్ఫ్ ద రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్’ మీరు ఏ షాపింగ్ మాల్‌లోనో ఎప్పుడో వినే ఉంటారు. దాన్ని ఆఖరికి ఉంచండి. ముందే వింటే ఆయన క్రిస్మస్ పాటల మనిషి అనుకుంటారు.

ఇంకొక్క మాట, ఒకే రోజు రెండు సినిమాలు చూడకండి. చాలావరకు గంట, గంటంపావులో అయిపోతాయి కాబట్టి చూడాలనే అనిపిస్తుంది, కానీ మూడోదానికొచ్చేసరికి విలన్లందరూ ఒకడే అనిపిస్తాడు.