లూపస్ ఉన్న ఇంట్లో నేర్వాల్సిన పనులు – 3వ పాఠం: ఊపిరి లెక్కపెట్టడం

లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు. లోతుగా గాలి పీలిస్తే పక్కటెముకల్లో పొడిచినట్టు నొప్పి రావడం గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. అది చాలావరకు ఊపిరితిత్తుల పైపొర వాపు, మందులకు లొంగుతుంది. ఈసారి అంతకంటే ప్రమాదమైన వాటిని ఇంట్లోనే పసిగట్టే పని.

మనిషిని పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ వైపు చూడండి. ఊపిరి లెక్కపెడుతున్నామని మాత్రం చెప్పొద్దు, చెబితే ఊపిరి తీరే మారిపోతుంది. ఛాతీ లేచి దిగితే ఒకటి. నిమిషం నిండా లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు.

తర్వాత ఆక్సీమీటర్, అంటే వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న పరికరం. లూపస్ ఉన్న కొందరికి చలికి వేళ్లు తెల్లబడి, నీలం తిరుగుతాయి. అలాంటి వేలికి పెడితే అంకెను నమ్మలేం. చేతులు రుద్ది వెచ్చబడ్డాక పెట్టండి. గోళ్లరంగు తుడిచేయండి. అంకె ఒకచోట నిలిచేదాకా ఆగండి.

రెండూ క్యాలెండర్ మీద రాసిపెట్టండి, బాగున్న రోజుల్లో కూడా. అసలు ఉపయోగం అక్కడే ఉంది. ఎప్పుడూ 16 ఉండే అమ్మాయికి కూర్చున్నచోటే 24 వస్తే, పత్తి ఏరిన అలసటేలే అనుకోవద్దు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఆక్సిజన్ 92 కంటే తగ్గినా, తెమడలో రక్తం పడినా, ఒక కాలి పిక్క వాచి ఉన్నట్టుండి దమ్ము వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఊపిరితిత్తుల లోపల రక్తం కారుతున్నా కొందరికి తెమడలో కనపడదు. ఆయాసంతో పాటు హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోతుంది.

వచ్చే వారం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో చూపించుకునేది ఉంది కదా అని దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఆగిపోకండి. ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. "లూపస్ ఉంది, స్టెరాయిడ్ వాడుతోంది" అన్నది మొదటి మాటగా చెప్పండి. లూపస్ వల్ల వచ్చిన న్యుమోనియా, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన న్యుమోనియా పైకి ఒకేలా ఉంటాయి. మొదటిదానికి స్టెరాయిడ్ పెంచాల్సి రావచ్చు, రెండోదానికి అదే స్టెరాయిడ్ హాని చేయవచ్చు. అందుకే ఇంట్లో మీ అంతట మీరు డోసు పెంచొద్దు, ఉన్నపళంగా ఆపొద్దు కూడా. ఈ ఒక్క విషయంలో దయచేసి పక్కింటివాళ్ల సలహా వినకండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ముగ్గురి ఊపిరి లెక్కపెట్టి చూడండి. వచ్చే పాఠంలో రక్తపరీక్ష రిపోర్టులో హిమోగ్లోబిన్ చదవడం నేర్చుకుందాం.