మీటింగ్‌లో మీ మాట నెగ్గాలంటే: ముందురోజు జాగ్రత్తలు

రేపు మీటింగ్‌లో ఏదైనా ప్రతిపాదన పెడుతున్నారా? అక్కడికి వెళ్లాక ఒప్పిద్దాంలే అనుకోకండి.

- అడ్డు చెప్పేది ఎవరో ఊహించి, వాళ్లను ఈరోజే కలవండి. మెయిల్ వద్దు. కిందికెళ్లి ఇరానీ చాయ్ తాగుతూ "అన్నా, ఇందులో మీకెక్కడ ఇబ్బంది?" అని అడిగితే రేపటి ప్రశ్న అక్కడే బయటపడుతుంది. ఒకసారి నేను బద్ధకించాను. టెస్టింగ్ లీడ్ అడిగిన ఒక్క ప్రశ్నకి నా ఇరవై స్లైడ్లూ మూలన పడ్డాయి.

- మేనేజర్ ఆ విషయం మొదటిసారి అందరి ముందు వినకూడదు. ముందే చెవిన వేయండి.

- అంకెలు రెండు చాలు. ఎక్కడివో చెప్పగలగాలి.

- అమెరికా వాళ్లుంటే టైమ్ సరిచూసుకోండి. మార్చిలో, నవంబర్‌లో అక్కడ గడియారం గంట జరుగుతుంది, మనది జరగదు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30.

- వాన పడేలా ఉంటే కారు వదిలి హైదరాబాద్‌లో అయితే రాయదుర్గం మెట్రో ఎక్కండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్‌లో మాట్లాడేవాళ్ల మాట ఎవరికీ ఎక్కదు (హారన్లే వినిపిస్తాయి).

- ఐడియా జూనియర్‌ది అయితే ఆ పేరు మీ నోటితోనే, మొదట్లోనే చెప్పండి.