జీడిపప్పు షెడ్డులో సూపర్‌వైజరు అరిచే ముందు చూడాల్సినవి

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ జీడి షెడ్లలో సూపర్‌వైజరుకు ఎక్కువగా కోపం వచ్చేది రెండు చోట్ల. ఒకటి తొక్క తీసే బల్ల దగ్గర ముక్క ఎక్కువ పడినప్పుడు, రెండోది సాయంత్రం తూకం దగ్గర. మనుషుల్ని దయగా చూడటం పుట్టుకతో వచ్చే గుణమనుకుంటారు గానీ, ఈ రెండు చోట్లా అది పప్పును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ లాంటి పనితనమే. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పవచ్చు కూడా.

ముక్క ఎవరి తప్పు

నిండు పప్పు ధర ఒకటి, రెండుగా చీలిన బద్ద ధర ఒకటి, ముక్క ధర ఒకటి. అందుకే బుట్టలో ముక్క కనబడగానే నోరు లేస్తుంది. ఆగి, ఆ బుట్టలోంచే పది పప్పులు తీసుకుని మీరే తొక్క తీసి చూడండి. తొక్క అంటుకుపోయి కత్తితో గీకాల్సి వస్తే సరుకు డ్రయ్యర్‌లో సరిగా ఆరలేదు. తొక్క సులువుగా వస్తూ పప్పు పటుక్కున విరిగిపోతుంటే ఎక్కువ ఆరింది. లేదా ఆరిన పప్పు చల్లబడి కాస్త చెమ్మ పట్టకముందే బల్ల మీదికి వచ్చేసింది. సుమారు 70 డిగ్రీల వేడిలో 6 నుంచి 8 గంటలు ఆరబెట్టేటప్పుడు ట్రేలు పైవి కిందికి, కిందివి పైకి మార్చకపోతే ఒకే బ్యాచ్‌లో రెండు రకాలూ వస్తాయి.

తర్వాత పక్కనున్న ఇద్దరి బుట్టలూ చూడండి. ముగ్గురి దగ్గరా ముక్క ఎక్కువుంటే డ్రయ్యర్ దగ్గరికి నడవండి, బల్ల దగ్గర మాట తూలకండి. ఒక్కరి దగ్గరే ఉంటే అప్పుడు ఆ మనిషితో మాట్లాడాలి.

"ఏటే, కళ్ళు కనబడ్డం లేదా? ఇలాగైతే రేపట్నుంచి రాకు" అంటే ఆమె చెయ్యి ఇంకా వణుకుతుంది, ముక్క ఇంకా పడుతుంది. దానికి బదులు పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఇక్కడి వాడుకలో అక్కా అన్నట్టు "అప్పా" అని పిలిచి: "అప్పా, నిన్న కిలోకి వంద గ్రాములే ముక్క. ఇయ్యాల పావుకిలో దాటినాది. చెయ్యి నొప్పెడతందా, సరుకే తేడాగుందా?" ఇందులో లెక్క ఉంది, జవాబు చెప్పడానికి సిగ్గుపడక్కర్లేని దారులు రెండున్నాయి. "ఎందుకిలా చేస్తన్నావు?" అన్న ప్రశ్నకు మాత్రం మన దగ్గర ఒక్కటే జవాబు: "ఏటీ లేదు బాబూ." ఆ మాట విన్నాక తవ్వొద్దు, అలాగని వదిలెయ్యొద్దు. "సరే అప్పా, మధ్నాన్నం మళ్ళీ వత్తాను" అని లేవండి, చెప్పినట్టే వెళ్ళండి. అసలు మాట సాధారణంగా రెండోసారికే బయటికొస్తుంది.

పది నిమిషాల ఖరీదు

చాలామంది మరిచిపోయేది ఇక్కడే. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషిని "కాస్త మాట్లాడదాం రా" అని పిలిస్తే ఆ పిలుపు ఆమె డబ్బుతోనే. గంటకు కిలోన్నర తొక్క తీసే చేతికి పది నిమిషాలంటే పావుకిలో. టీ విరామంలో మాట్లాడదామంటే అదీ ఆమె సొంత సమయమే. యజమానితో ముందే ఒప్పందం చేసుకుని, మీరు పిలిచిన నిమిషాలకు ఆమె సగటు తూకం కలిపి రాయండి. ఇది చేయకుండా సానుభూతి చూపిస్తే మూడోసారి మిమ్మల్ని చూసి తల దించుకుంటారు.

మాట్లాడే చోటు అందరికీ కనబడాలి, ఎవరికీ వినబడకూడదు. మగ సూపర్‌వైజరు ఆడమనిషిని స్టోర్ గదిలోకి ఒంటరిగా పిలవకూడదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి. ఆ పేర్లు గోడ మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

డయాలసిస్ ఉన్న ఇల్లు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవాళ్ళు తగులుతూనే ఉంటారు. డయాలసిస్ ఒక్కసారికి దాదాపు 4 గంటలు, వారానికి రెండు మూడుసార్లు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. అయినా తోడు వెళ్ళే మనిషికి రానూపోనూ కలిపి పూట పోతుంది. ప్రతిసారీ సెలవు అడిగించుకోకుండా, ఆ రోజులు ముందే షిఫ్టు పట్టికలో వేసేయండి. మీ నోటుబుక్కులో "మంగళ, శుక్ర మధ్యాహ్నం లేదు" అని రాస్తే చాలు, జబ్బు పేరు రాయొద్దు. ఆ మాట బయటికి పొక్కితే ఇంట్లో పిల్లల పెళ్ళి సంబంధాల దాకా పోతుంది.

దయ అనుకుని చేసే ఒక పెద్ద తప్పు: డ్రాయర్లో నొప్పి మాత్రల స్ట్రిప్పు పెట్టుకుని నడుం నొప్పన్న వాళ్ళకల్లా ఒకటి తుంచి ఇవ్వడం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అలవాటైతే మూత్రపిండాలకు హాని, అప్పటికే దెబ్బతిన్నవాళ్ళకు మరీ. మాత్ర బదులు పీట ఎత్తు మార్చండి, గంటకోసారి రెండు నిమిషాలు లేవనివ్వండి. మంచినీళ్ళు బల్లకు పదడుగుల్లో ఉంచండి. మరుగుదొడ్డి దూరమైతే ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు, కాబట్టి నీళ్ళ బిందె పెట్టే ముందు మరుగుదొడ్డి సంగతి చూడండి.

చేతి అప్పు మీ జేబులోంచి ఇవ్వొద్దు. ఒకరికిస్తే పక్షపాతం, రేపు ఆమెనే మందలించాలంటే నోరు రాదు. అడ్వాన్సు పద్ధతి ఒకటి పెట్టించి, అందరికీ ఒకే నియమం చేయండి. రెండు వారాలుగా నిద్రపట్టక, తిండి తగ్గి ఎవరైనా కుంగిపోతుంటే సలహాలు దంచకుండా 14416 చెప్పండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్; ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

తూకం దగ్గర మీ సంగతి

అరవబోయే ముందు ఒంట్లో గుర్తు ఒకటి కనబడుతుంది: కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి చెవులు వేడెక్కుతాయి. మీ గుర్తు ఏదో, వారం రోజులు గమనించి పట్టుకోండి. అది వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదుసార్లు. నిమిషం కూడా పట్టదు. ఈలోగా కాటా మీద సున్నా ఆమెకు చూపించండి, ఖాళీ బుట్ట బరువు ఆమె కళ్ళెదుటే తీసేయండి. తూకం గొడవల్లో చాలావాటికి మూలం అనుమానం, అంకె కనబడితే అది సగం తగ్గుతుంది. మీ లెక్క తప్పైతే మందలించిన చోటే, అదే జనం ముందు "నాదే పొరపాటు అప్పా" అనండి. విడిగా పిలిచి చెప్పిన క్షమాపణ లెక్కలోకి రాదు.

తుఫాను తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకొరిగాయి. అలాంటి రోజుల్లో షెడ్డు తెరిచిన మొదటి పూట చేయాల్సింది పాత కూలి బాకీ మొత్తం చేతిలో పెట్టడం. ఆ తర్వాత ఇల్లు నిలిచిందా, తోట పోయిందా, తాగే నీళ్ళున్నాయా అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగి రాసుకోండి. కప్పు లేచిపోయిన ఇల్లున్నవాళ్ళను పగలు పని వదిలి వెళ్ళనివ్వండి. ఆ వారం ముక్క లెక్క అడగొద్దు.