పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా: కళాశాల ఫుట్‌బాల్ కోచ్ కావాలనుకునేవారికి

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో కుర్రవాడు ఫుట్‌బాల్ కోచ్‌నవుతానంటే పెద్దలు మొదట అడిగేది జీతం సంగతి. ఆ ప్రశ్నకు విసుక్కోవలసిన పని లేదు. కళాశాలల్లో కేవలం ఫుట్‌బాల్ కోసమే స్థిరమైన ఉద్యోగం దొరకడం అరుదు. వ్యాయామ విద్య ఉద్యోగంలో ఉన్నవారే సాయంత్రం పూట జట్టును కూడా చూసుకుంటారు. కాబట్టి పొట్టకూటికి వ్యాయామ విద్య పట్టాను, మైదానానికి కోచింగ్ లైసెన్స్‌ను జోడెద్దుల్లా నడిపించుకోవాలి.

డిగ్రీ తరువాత వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్. పట్టాకు రెండేళ్లు, ఆపైన పి.జి. అయిన ఎం.పి.ఎడ్.కు రెండేళ్లు పడుతుంది. కళాశాల వ్యాయామ విద్య డైరెక్టర్ ఉద్యోగానికి యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనలు పి.జి.లో 55 శాతం మార్కులు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణతతో పాటు, అభ్యర్థి తాను చదివిన కళాశాల తరఫున గాని విశ్వవిద్యాలయం తరఫున గాని పోటీల్లో పాల్గొన్నట్లు ఆధారం కూడా అడుగుతాయి. అందుచేత డిగ్రీ మొదటి సంవత్సరంలో వచ్చిన అంతర్ కళాశాలల సర్టిఫికెట్‌ను కూడా జాగ్రత్తగా దాచుకోవాలి. దేహ దారుఢ్య పరీక్షలో ముప్పై ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పూర్తి చేస్తే చాలు. రోజూ బంతి ఆడేవాడికి అదొక లెక్క కాదు.

ఇక కోచింగ్ లైసెన్స్‌ల మెట్లు కింది నుంచి పైకి డి, సి, బి, ఎ, ప్రో అనే వరుసలో ఉంటాయి. డి లైసెన్స్ శిక్షణకు రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం ద్వారా వెళ్లాలి. అక్కడ పుస్తక జ్ఞానం ఒక్కటే చాలదు, బోధకుల ఎదుట సాధన నడిపించి చూపించాలి గనుక, వెళ్లకముందే మీ ఊరి పిల్లలతో పదిసార్లైనా చేసి చూడండి. ఏడాది డిప్లొమా చేయదలచినవారికి 1961లో ఏర్పడిన పటియాలా జాతీయ క్రీడా సంస్థ ఉంది.

జట్టు చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. నలభై మంది కుర్రాళ్లకు నాలుగు బంతులే ఉన్నచోట, పొడవైన వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత గోల్ కొట్టించడమంత దండగ మరొకటి లేదు. మైదానాన్ని నాలుగు ముక్కలు చేసి ఐదుగురికి ఐదుగురిని ఆడించండి. బంతి అందరి కాలికీ తగులుతుంది. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. భారత జట్టుకు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ ఆయనే. వారానికి ఒక రోజు ఇరవై నిమిషాలు ఆ పద్ధతిని పాటించడానికి పైసా ఖర్చు లేదు. వానాకాలంలో నీళ్లు పీల్చే చవక బంతి మాత్రం వద్దు. నిబంధనల ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు బంతి 410 నుంచి 450 గ్రాములే ఉండాలి, అంతకు మించిన బరువుకు అలవాటుపడిన కాలు పోటీ రోజున అంచనా తప్పుతుంది.

మన జట్లలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు కలిసి ఆడతారు. తెలుగువారితో తెలుగులోను, మిగతావారితో ఒడియాలోను విడివిడిగా మాట్లాడే కోచ్‌ను జట్టు పక్షపాతి అనుకుంటుంది. ఆటలో వాడే కేకలు అందరికీ ఒకటిగా ఉండాలి: వెనుక ప్రత్యర్థి ఉంటే ‘మేన్ ఆన్’, తీరిక ఉంటే ‘టైమ్’. వివరణ ఒడియాలో ఇచ్చి, అర్థం కానివారికి తోటి ఆటగాడి చేత చెప్పించడం మేలు.

ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఒడిశా తూర్పు జోన్‌లోను, ఆంధ్ర దక్షిణ జోన్‌లోను ఆడతాయి. పర్లాకిమిడి కుర్రవాడు బరంపురంలో చేరితే ఒక దారి, కూతవేటు దూరంలోని శ్రీకాకుళం వైపు చేరితే మరొక దారి. చదువు మాట పక్కన పెడితే, ఎటు ఆడబోతున్నాడో చేరకముందే అతనికీ, ఇంట్లోవారికీ వివరించాలి.

రెండవది పేర్ల గొడవ. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా పద్ధతిలో చివర వస్తుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒక వరుస, ఆధార్‌లో మరొక వరుస ఉంటే అర్హత పత్రాల పరిశీలనలో మంచి ఆటగాడు కూడా ఇబ్బంది పడతాడు. ప్రవేశాలు ముగిసిన వారంలోనే అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవారిని సవరణకు పంపించండి. బస్సు బయలుదేరే ముందు రోజు రాత్రి ఆ పని జరగదు.