పాఠం 4: ‘డ్రైవర్’ అన్న మాట దగ్గర ఆగి చదవడం

పోయిన పాఠంలో బండి తనంతట తాను నడిచే స్థాయిలు చూశాం. నాలుగో స్థాయి లారీకి, దానికి అనుమతించిన రూట్లో, మనిషి సాయం అక్కర్లేదు. ఈసారి చట్టం తెరుద్దాం. నేర్చుకోవాల్సింది ఒకటే. సెక్షన్‌లో ‘డ్రైవర్’ అని కనబడగానే ఆగండి. ఆ పని చేయాలంటే ఏం కావాలో అడగండి: లైసెన్సా, చేతులా, అక్కడ మనిషి ఉండటమా?

హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాత్రిపూట లారీ చెడిపోతే ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. క్లీనర్ కిందకి దిగి, బండి వెనకాల కొంత దూరం వరకు చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టుకుంటూ వెళ్తాడు. వెనక వచ్చేవాడి ప్రాణం ఆ కొమ్మల మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికాలో ఈ పనికి ఫెడరల్ రూలే ఉంది. లారీ ఆగిన 10 నిమిషాల్లో డ్రైవర్ మూడు హెచ్చరిక త్రికోణాలు పెట్టాలి. డివైడర్ ఉన్న రోడ్డయితే బండి వెనక సుమారు 10, 100, 200 అడుగుల దూరాల్లో.

టెక్సాస్‌లో అరోరా అనే కంపెనీ 2025లో డాలస్–హ్యూస్టన్ మధ్య డ్రైవర్ లేని సరుకు లారీలు మొదలుపెట్టింది. మరి ఆ త్రికోణాలు ఎవరు పెట్టాలి? వాటి బదులు క్యాబిన్‌కే మెరిసే లైట్లు బిగిస్తామని అరోరా, డ్రైవర్ లేని బండ్ల మీదే పనిచేసే వేమో అనే మరో కంపెనీ అడిగాయి. 2024 డిసెంబర్‌లో ఫెడరల్ భద్రతా సంస్థ కుదరదంది. అరోరా కోర్టుకెళ్లింది. తర్వాత 2025లో తాత్కాలిక సడలింపు వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఉంది. టెక్సాస్ తన 2017 చట్టంలో, ట్రాఫిక్ నిబంధనల వరకు, ఆ సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఓనరునే బండి నడిపినవాడిగా లెక్కేసింది. ఆ వ్యవస్థకే లైసెన్సు ఉన్నట్టు భావించాలనీ రాసింది. కాగితం మీద డ్రైవర్ దొరికాడు. కానీ రోడ్డు మీదకి దిగి 200 అడుగులు నడిచే మనిషి మాత్రం దొరకలేదు.

ఇప్పుడు మన మోటారు వాహనాల చట్టం, 1988 తీయండి.

సెక్షన్ 3: లైసెన్సు లేకుండా ‘ఏ వ్యక్తీ’ బండి నడపకూడదు. నడిపే వ్యక్తే లేకపోతే? నిషేధం తగలదని ఒక లాయరు, అనుమతే లేదని ఇంకో లాయరు వాదించొచ్చు. రెండు వాదనలూ మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. సెక్షన్ 126 దగ్గర ఆ గందరగోళం తక్కువ. ఇంజిన్ ఆపి, బ్రేకు వేస్తే తప్ప, నిలబడి ఉన్న బండిలో కూడా డ్రైవర్ సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. లోడింగ్ పాయింట్ బయట రోడ్డు మీద ఇంజిన్ ఆన్‌లో ఉంచి వరసలో ఆగిన ఖాళీ సీటు లారీకి ఇది నేరుగా అడ్డం.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది సెక్షన్ 134. ప్రమాదం జరిగితే గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చాలి, పోలీసులకు చెప్పాలి. జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే వేరే సంగతి. ఈ పని ఎవరిది? ‘డ్రైవర్, లేదా ఆ బండి బాధ్యత చూస్తున్న వేరే వ్యక్తి’. ఆ రెండో సగం కింద గీత గీయండి. కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ ముందు కూర్చున్న ఉద్యోగి ఆ మాట కిందకి వస్తాడా? వస్తాడనే నా అభిప్రాయం. రాడంటే రక్తం కారుతున్న మనిషి పక్కన ఎవరి బాధ్యతా లేని లారీ నిలబడి ఉంటుంది. పరిశోధన కోసం కొన్ని రకాల వాహనాలను చట్టం నుంచి మినహాయించే అధికారం 2019 సవరణలో, సెక్షన్ 2బి కింద, కేంద్రానికి వచ్చింది. ఆ మినహాయింపు ఇచ్చిన రోజున కూడా ఈ 134ను మాత్రం వదలకూడదు. ట్రాన్స్‌పోర్ట్ ఓనర్లు ఇలాంటి బండి కొనేముందు, ఆస్పత్రికి ఫోన్ చేసేదెవరో ఒప్పందంలో పేరు పెట్టి రాయించుకోవాలి.

వచ్చే పాఠం ఇన్సూరెన్స్ మీద. అప్పటివరకు సెక్షన్ 132 మీద అభ్యాసం చేయండి. యాక్సిడెంట్ తర్వాత పోలీసు అడిగితే డ్రైవర్ బండి ఆపాలని అందులో ఉంది. పశువులను తోలుకెళ్లే మనిషి, అవి బెదురుతాయని అనుకుని ఆపమన్నా ఆపాలనీ ఉంది. గొర్రెల మంద ముందు నిలబడి ఒకాయన కర్ర ఎత్తాడనుకోండి. ఖాళీ సీటు లారీలో ఆ కర్రను చూడాల్సిందెవరు, చూసి ఆపకపోతే కేసు ఎవరి మీద? సగం పేజీలో రాయండి.