పసుపు శాంపిల్ ప్రిపరేషన్ నిజంగా గ్రీనేనా? స్కోరు తేడా కొడితే ఏం చూడాలి

శాంపిల్ ప్రిపరేషన్ అంటే కొలిచే ముందు శాంపిల్‌ని సిద్ధం చేసే పని, అది పర్యావరణానికి తక్కువ భారమైతే గ్రీన్ అంటారు. పసుపులోంచి కర్కుమిన్ (పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం) తీసి కొలిచే పనినే ఉదాహరణగా పెట్టుకుందాం. దుగ్గిరాల పసుపైనా నిజామాబాద్ పసుపైనా చాలా ల్యాబుల్లో దారి ఒకటే: పొడి కొట్టడం, సాక్స్‌లెట్‌లో (సాల్వెంట్‌ని, అంటే కరిగించే ద్రవాన్ని, మరిగించి మళ్ళీ మళ్ళీ పొడి మీద పడేలా చేసే గాజు పరికరం) పెట్టడం, సాల్వెంట్ ఎగరగొట్టడం, కొలవడం. ఇది పర్యావరణానికి ఎంత భారమో స్కోరు వేయబోతే వచ్చే చిక్కులు ఇవి.

సమస్య: ఒక టూల్‌లో మంచి స్కోరు, ఇంకో దాంట్లో అధ్వానం

కారణం: రెండూ ఒకే లెక్క కావు. 2012లో వచ్చిన ఎకో-స్కేల్ 100 నుంచి పెనాల్టీలు తీసేస్తూ పోతుంది, 75 దాటితే చాలా బాగున్నట్టు, 50 దాటితే ఫర్వాలేదన్నట్టు. 250 మి.లీ. మిథనాల్‌తో 8 గంటల సాక్స్‌లెట్ తీసుకోండి. మిథనాల్ సీసా మీద మూడు ప్రమాద గుర్తులు, పైగా ‘డేంజర్’ అన్న మాట, అంటే 3ని 2తో గుణించాలి. పరిమాణం 100 మి.లీ. దాటింది కాబట్టి మళ్ళీ 3తో గుణిస్తే 18. వ్యర్థానికి 5, దాన్ని శుద్ధి చేయకుండా వదిలేస్తే ఇంకో 3. మరి కరెంటు? 250 వాట్ల మాంటిల్ (ఫ్లాస్కుని వేడిచేసే హీటర్) 8 గంటలూ పూర్తిగా లాగితే 2 యూనిట్లు, దానికి పెనాల్టీ 2 మాత్రమే, ఎంత కాల్చినా ఆ స్కేల్‌లో అంతకు మించి పడదు. 28 పోయి 72 మిగులుతుంది, కొలిచే దశ ఇంకా కలపకుండానే.

అదే పద్ధతిని 2022లో శాంపిల్ ప్రిపరేషన్ కోసమే తెచ్చిన అగ్రీప్రెప్‌లో పెడితే, శాంపిల్‌కి 500 వాట్-అవర్లు (అర యూనిట్) దాటగానే కరెంటు అంశానికి నేరుగా సున్నా.

పరిష్కారం: ప్రిపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు అగ్రీప్రెప్‌నే ముందు పెట్టుకోండి. చివరి అంకె ఒక్కటే కాకుండా పది అంశాల స్కోర్లూ విడివిడిగా రాయండి, వెయిట్లు (ఏ అంశానికి ఎంత ప్రాధాన్యం అన్నది) మార్చి ఉంటే ఎందుకు మార్చారో కూడా చెప్పండి, లేకపోతే చదివేవాళ్ళకి ఆ అంకెతో పని లేదు.

సమస్య: మిథనాల్ మానేసి ఇథనాల్ వాడినా స్కోరు పెద్దగా కదలట్లేదు

కారణం చాలాసార్లు సాల్వెంట్‌లో ఉండదు, ఓవెన్‌లో ఉంటుంది. మార్కెట్‌కి వచ్చే పసుపు కొమ్ము ఉడకబెట్టి ఎండబెట్టి వచ్చిందే, దాన్ని మళ్ళీ రాత్రంతా 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం అలవాటైపోయింది. దానికి తోడు సాల్వెంట్‌ని ఆవిరి చేసి తీసే రోటావేపర్, దాని వ్యాక్యూమ్ పంపు. ఇంకోటి, నాకు నిజంగా బాధ కలిగించేది, ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌కి వదిలేసిన కుళాయి: నిమిషానికి లీటరు పారినా 8 గంటల్లో 480 లీటర్లు, చాలా స్కోర్లలో దాని లెక్కే ఉండదు.

పరిష్కారం: కొన్ని గ్రాముల పొడి మీద తేమ శాతం కొలిచి లెక్కలో సరిచేసుకోండి, మొత్తం శాంపిల్‌ని ఆరబెట్టనక్కర్లేదు. కండెన్సర్‌కి బకెట్టు నీళ్ళు, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న పంపు పెట్టి అవే నీళ్ళు తిప్పండి, వేడెక్కితే కాస్త ఐసు వేయండి. కరెంటుని పరికరం మీద రాసిన వాట్లతో ఊహించకండి, ఓవెన్ మధ్యమధ్యలో ఆగుతుంది కదా, ప్లగ్ దగ్గర పెట్టే ఎనర్జీ మీటర్‌తో కొలిచి, ఒకేసారి పెట్టిన శాంపిళ్ళ సంఖ్యతో భాగించండి.

సమస్య: సోనికేటర్‌కి మారితే స్కోరు పెరిగింది, కర్కుమిన్ తగ్గింది

సోనికేటర్ అంటే నీళ్ళ తొట్టిలో (బాత్) శబ్ద తరంగాలతో శాంపిల్‌ని కదిపే పరికరం. ఇక్కడ చాలామంది స్కోరు చూసి సంతోషించి ఆగిపోతారు, అది తప్పు. సగం కర్కుమిన్ పిప్పిలోనే వదిలేసే పద్ధతిని గ్రీన్ అనకూడదు, ఎందుకంటే తప్పు ఫలితం వస్తే పని మొత్తం మళ్ళీ చేయాలి, సాల్వెంటూ కరెంటూ రెండింతలు.

కారణాలు: పొడి గరుకుగా ఉండటం, ఉన్న సాల్వెంట్ అంతా ఒకేసారి పోసేయడం, బాత్‌లో అన్ని చోట్లా శక్తి ఒకేలా లేకపోవడం. గ్రీన్ అని నీళ్ళ వాటా మరీ పెంచేసినా అంతే, కర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు.

పరిష్కారం: పొడిని జల్లెడ పట్టండి. 20 మి.లీ. ఇథనాల్ ఒక్కసారి పోసే బదులు రెండు మూడు విడతలుగా పోసి తీయండి. ఫ్లాస్కుని ఎప్పుడూ బాత్‌లో ఒకే చోట పెట్టండి, బాత్ వేడెక్కుతుంది కాబట్టి ఉష్ణోగ్రత రాసుకోండి. చివరి విడతని విడిగా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 425 నానోమీటర్ల కాంతి దగ్గర చూడండి, ఇంకా రంగు వస్తోందంటే పని పూర్తవలేదు. తర్వాత తెలిసిన మోతాదు స్టాండర్డ్ (స్వచ్ఛమైన కర్కుమిన్) కలిపి రికవరీ (అందులో ఎంత శాతం తిరిగి దొరికిందో) చూసి, ఆ అంకెని స్కోరు పక్కనే ఇవ్వండి.

సమస్య: ఒకే పద్ధతికి ఇద్దరు వేసిన స్కోర్లు కలవట్లేదు

ఒకరు సాల్వెంట్ ఒక్కటే వ్యర్థం అనుకుంటారు, ఇంకొకరు ఫిల్టర్లు, గ్లవ్స్, పిపెట్ టిప్పులు, గాజుసామాను కడిగిన ఎసిటోన్ కూడా కలుపుతారు. రెండోవాళ్ళదే సరైన లెక్క. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో ఒక వాక్యంలో రాసేయండి, శాంపిల్‌కి ఎన్ని గ్రాముల వ్యర్థమో తూకం వేసి చెప్పండి. రోటావేపర్‌లో తిరిగి పట్టిన ఇథనాల్‌ని మళ్ళీ వాడితేనే వ్యర్థంలోంచి తీసేయండి, క్యాన్‌లో పోసి మూల పెట్టారంటే అది ఇంకా మీ లెక్కలోదే.