విమానం దిగాక వచ్చే 3 వారాలు: దోమ జబ్బుల జాగ్రత్తలు

2025 జూలైలో చైనాలోని ఫోషన్ నగరానికి బయటి నుంచి ఒక చికున్‌గున్యా కేసు వచ్చింది. నెల తిరక్కుండానే కేసులు 7 వేలు దాటాయి. 2007లో ఇటలీలోనూ ఇంతే. ఒక చిన్న ఊళ్లో మొదలై 200 మందికి పైగా కీళ్లు పట్టేసి మంచాన పడ్డారు, మన కేరళ నుంచి వెళ్లిన ఒకే ఒక్క మనిషి జ్వరంతో. రెండు చోట్లా కుట్టింది ఊళ్లో ఉన్న దోమే. దానికి వైరస్ అందింది ప్రయాణికుడి రక్తంలోంచి.

దోమ విమానమెక్కి రాదని కాదు. 1994లో పారిస్ విమానాశ్రయం పరిసరాల్లో ఆరుగురికి అలాగే మలేరియా వచ్చింది. కొన్ని రూట్ల విమానాల్లో మందు కొట్టేది అందుకే. కానీ అది అరుదు. ఒంట్లో క్రిమితో దిగే మనిషి మాత్రం రోజూ దిగుతున్నాడు.

దోమతెర, పొడుగు చేతుల చొక్కా అందరికీ తెలిసినవే. కొంప ముంచేది "ఇంటికొచ్చేశాం కదా" అన్న మాట.

వెళ్లే ముందు

ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకైతే టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కార్డు లేకుండా తిరిగొస్తే 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు. చిరాకు పడకండి. ఆ జబ్బును మోసే ఈడిస్ దోమ మన వీధి వీధినా ఉంది, జబ్బు మాత్రం ఇంతవరకు మన దేశంలో అడుగుపెట్టలేదు.

ఇల్లు తాళం వేసేముందు కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల పళ్లేలు వంపి వాటి లోపలి గోడలు బ్రష్‌తో రుద్దండి. వంపితే చాలదు, అంచుకు అంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. గుడ్డు నుంచి దోమకు వారం, పది రోజులు చాలు. అంటే మీరు తిరిగొచ్చేసరికి ఇంట్లో కొత్త దోమలు సిద్ధం.

మలేరియా మాత్రలు

మలేరియా ఉన్న చోటుకు వెళ్తే రాకుండా వేసుకునేవి ఇవి. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకొకటి, ఒకటి రెండు రోజుల ముందు నుంచి మొదలుపెట్టి వచ్చాక 28 రోజులు. మెఫ్లోక్విన్ వారానికొకటి, 2 వారాల ముందు నుంచి, వచ్చాక 4 వారాలు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ, వచ్చాక 7 రోజులు. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు డాక్సీ వద్దు. ఫిట్స్, డిప్రెషన్ ఉన్నవాళ్లకు మెఫ్లోక్విన్ వద్దు. ఏది సరిపడుతుందో డాక్టరే తేల్చాలి.

వచ్చాక ఎందుకు? చివరి రోజు కుట్టిన దోమ ఎక్కించిన క్రిమి ముందు కాలేయంలో దాక్కుంటుంది. డాక్సీ, మెఫ్లోక్విన్ దాన్ని చంపేది రక్తంలోకి వచ్చాకే. శంషాబాద్‌లో దిగిన రోజే షీటు పారేస్తే, అది బయటికొచ్చే వేళకు ఒంట్లో మందు ఉండదు. ఇంటికొచ్చేశాం కదా అని ఆపకండి.

వచ్చాక

3 వారాలు దోమ కుట్టకుండా చూసుకోండి, ఒంట్లో బాగున్నా సరే. డెంగీ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు. వచ్చేవాళ్లకు కూడా జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమ 8–12 రోజులకు ఇంట్లోవాళ్లకు ఎక్కిస్తుంది.

డెంగీని మోసే ఈడిస్ పగలు కుడుతుంది. టైం తేడాతో మధ్యాహ్నం నిద్రపోయేది మీరే. తెర అప్పుడే కావాలి.

దోమ కుట్టకుండా ఒంటికి రాసే మందులో డీట్ 20–30 శాతం, లేదా పికారిడిన్ 20 శాతం. సన్‌స్క్రీన్ ముందు, ఇది తర్వాత.

జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది.

ఆర్‌ఎంపీ దగ్గర సూది, సెలైన్‌తో సరిపెట్టొద్దు.

డాక్టరు అడిగేదాకా ఆగొద్దు. ఏ దేశం, ఏ తేదీన దిగారు, మాత్రలు వాడారా లేదా, కూర్చోగానే చెప్పండి.

మలేరియా పరీక్ష అదే రోజు. నెగెటివ్ వస్తే 12–24 గంటలకు మళ్లీ, మొత్తం మూడుసార్లు. ఫాల్సిపారం రకం మలేరియా ఒక్క రోజులో ప్రాణం మీదికి తెస్తుంది.

డెంగీకి రక్తపరీక్ష మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1, తర్వాత ఐజీఎం.

జ్వరం దిగిందని లేచి తిరగొద్దు. డెంగీ ముదిరేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆసుపత్రికే.

జికా కూడా దోమ మోసే వైరసే, శృంగారం ద్వారానూ అంటుతుంది. అది ఉన్న చోటు నుంచి వస్తే మగవాళ్లు 3 నెలలు కండోమ్ వాడాలి.

బ్లడ్ బ్యాంకులో ప్రయాణం దాచొద్దు.

"అక్కడ పదేళ్లున్నాం, మాకేం కాదు" అనొద్దు. మలేరియాకు అక్కడ వచ్చిన నిరోధం ఇక్కడికొచ్చాక తగ్గిపోతుంది, పిల్లలకు అసలే ఉండదు.

వైవాక్స్ రకం మలేరియా నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. ఏడాదిలోపు ఏ జ్వరమొచ్చినా ఇంటికొచ్చేశాం కదా అనుకోకుండా పరీక్ష చేయించుకోండి.

మీరు బాగానే ఉండి, ఎటూ వెళ్లని అమ్మకు జ్వరమొచ్చినా, మీరు దిగిన తేదీ ఆమె డాక్టరుకు చెప్పండి.